చరఖాకు చుట్టిన తీగ

ఆదివారం పొద్దున ఆరు గంటల నలభై నిమిషాలకు మా ఇంటి యజమానురాలు డాబా మీద కట్టి ఉన్న తీగకు తడి చీర ఆరేసింది. అది దండెం కాదు, నా మిత్రుడి ఆంటెనా.

అరవైల చివర్లో మేమిద్దరం తార్నాకలో ఆమె ఇంటి పై అంతస్తులో గది తీసుకుని యూనివర్సిటీలో చదివేవాళ్లం. నాది తెలుగు, అతనిది ఫిజిక్స్. అతనికి అమెచ్యూర్ రేడియో లైసెన్సు, అంటే ఇంట్లోంచే సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకునే అనుమతి, ఉండేది. కాకినాడలో ఉన్న వాళ్ల నాన్నగారికీ ఉండేది. ఆయన ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి వచ్చారు. కొడుక్కి మోర్స్ కోడ్ నేర్పింది ఆయనే. కొడుకు పోర్టులో దొరికిన ఉద్యోగం వదిలేసి ఎమ్మెస్సీకి హైదరాబాదు వచ్చాక మాట్లాడడం మానేశారు. ఏడాదిగా అంతే. ఆ వారం వాళ్ల అమ్మగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆదివారం ఆరున్నర నుంచి ఏడు దాకా నాన్నగారు సెట్టు ముందు కూర్చుంటారట, పిలిస్తే వింటారట, ఆ తర్వాత సంగతి ఆవిడకీ తెలియదట.

డాబా మీద తీగ ఎప్పుడూ ఉండడానికి యజమానురాలు ఒప్పుకోలేదు. అక్కడ ఆమె మిరపకాయలు, వడియాలు ఎండాలి. అందుకని విప్పి చుట్టి దాచుకునే ఆంటెనా చేయాల్సి వచ్చింది. కోఠీలో పాత మిలటరీ సామాను అమ్మేచోట, గదిలోని సెట్టు నుంచి డాబా దాకా వచ్చే కేబుల్ కొన్నాం. అతను ప్లాస్టిక్ తొడుగున్న రాగి తీగను దర్జీ టేపుతో కొలిచి, ముప్పై మూడు అడుగుల చొప్పున రెండు ముక్కలు కోశాడు. విరిగిన దువ్వెనకు చిల్లులు పెట్టి, రెండు తీగల్నీ దానికి కట్టి, కేబుల్‌కు సోల్డర్ చేశాడు. చివర్లకు నూలు తాళ్లు. మొత్తాన్నీ గాలిపటం చరఖాకు చుట్టాడు. యూనివర్సిటీలో హాస్టళ్ల వెనక బండల మీద వెదురు నిలబెట్టి పరీక్షించాం. అటు గేదెలు తోలుకొచ్చిన ఒకాయన చాలాసేపు చూసి, "చరఖా ఉన్నది, పతంగేది సార్?" అని అడిగాడు.

ఆదివారం తెల్లవారకముందే డాబా మధ్యలో వెదురు నిలబెట్టి, రెండు తీగల్నీ అటూ ఇటూ వాలుగా పిట్టగోడల మేకులకు కట్టాం. ఇద్దరం గదిలోకి దిగాక, ఆరున్నరకు అతను మోర్స్ కీ నొక్కుతూ నాన్నగారిని పిలవడం మొదలుపెట్టాడు. కొద్దిసేపటికి సెట్టు మీటరులో ముల్లు సున్నా వైపు పడిపోయింది.

"ఒరేయ్, పైన ఏదో అయింది. పరిగెత్తు!"

వెళ్లేసరికి ఆమె చీర అంచులు సర్దుతోంది.

"అమ్మా, తియ్యి తియ్యి. గా తీగ బట్టలకు కాదు."

"మరి దేనికి? గింత మంచిగ కట్టిన్రు, నా కోసమే అనుకున్న."

"కాకినాడ నుంచి నా దోస్తు వాళ్ల నాయన మాట్లాడుతడు."

"గీ తీగలనా? ముందుగాల చెప్పద్దా మరి!"

ఆమె చీర గుంజేసరికి ఆ వైపు తాడు మేకు నుంచి ఊడి వచ్చింది. మళ్లీ కట్టే వ్యవధి లేదు. తాడు కొస పట్టుకుని పిట్టగోడ పక్కన నిలబడ్డాను. ఆమె కూడా కదల్లేదు. తడి చీర భుజాన వేసుకుని నిలబడింది. నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. కింద గదిలోంచి కీ చప్పుడు వినపడుతోంది. అది ఆగినప్పుడల్లా, "ఏమన్నడు?" అని అడిగేది.

"ఇంకా తెల్వదమ్మా."

చివరికి అతనే పైకి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పలికారు" అన్నాడు.

"ఏమన్నడు?" ఆమే అడిగింది.

"ఆంటెనా ఏదని అడిగారు. చెప్పాను. వెదురు ఇంకాస్త ఎత్తు పెంచి, వచ్చే ఆదివారం మళ్లీ పిలవమన్నారు."

"గంతేనా?" అంది ఆమె. "కొడుకు బువ్వ తిన్నడా లేదా అని అడగలే?"

"అడిగినట్టేనండి" అని నవ్వాడు.

మేం ఆ గదిలో ఉన్నంతకాలం ఆదివారాలు అలాగే నడిచాయి. ఆమె బట్టలు ఉతికి, బకెట్టు మెట్ల మీద పెట్టుకుని కూర్చునేది. ఏడు కాగానే కింది నుంచి కేక వేసేది: "మీ నాయనది అయిందా బిడ్డా? ఆరేసుకుంటా." మేం తీగ చుట్టుకుని దిగేవాళ్లం.

ఇంటావిడా, అతని నాన్నగారూ ఎప్పుడో పోయారు. కిందటి వేసవిలో అతనూ పోయాడు. చరఖా నా దగ్గరికి వచ్చింది. తీగ తొడుగు పెళుసెక్కింది, విప్పబోతే రాలిపోతోంది. మొన్న తార్నాక వెళ్లాను. ఆ ఇంటి స్థలంలో ఫ్లాట్లు లేచాయి. ప్రతి బాల్కనీలోనూ బట్టలున్నాయి. ఆదివారం పొద్దున ఏడు దాకా బట్టలు ఆరేయకుండా ఇప్పుడు ఎవరూ ఆగరు.