స్టోర్సు బొమ్మలో నేను గీసిన అబద్ధం

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కూర్మన్నపాలెం అవతల ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ సెక్షన్లో పనిచేసేవాణ్ణి. హైదరాబాద్ నుంచి కన్సల్టెంట్లు దిగి మాకు మూడు రోజులు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ పాఠం చెప్పారు. సంస్థలో ఏ పని ఎవరు ఎలా చేస్తున్నారో గీస్తే అది ‘యాజ్ ఈజ్’. రేపు ఎలా చేయాలో గీస్తే ‘టు బి’. రెంటికీ మధ్య తేడా ‘గ్యాప్’. అబ్బో, ఆ మాటలు పట్టుకుని నేను చేసిన హడావుడి అంతా ఇంతా కాదు! ఇంట్లో కూర కుదరకపోతే "ఇదీ యాజ్ ఈజ్" అనేవాణ్ణి. "అయితే టు బి నువ్వే వండుకో," అనేది మా ఆవిడ.

స్టోర్సు యాజ్ ఈజ్ గీసే పని నాకు పడింది. అక్కడి స్టోర్‌కీపర్ ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్క మెమో కూడా ఎరగని మనిషి. ఆ మాట రోజుకోసారైనా చెప్పుకునేవాడు. ఏ వస్తువైనా ఇండెంటు, అంటే సంతకాలున్న కాగితం, వస్తేనే ఇవ్వాలని రూలు.

"కన్వేయరు బెల్టు ఆగిపోనాదనుకో బావా. ఆఫీసరు సంతకం కోసం బేరింగు ఆపీమంటావేటి? ఫోన్ సేత్తారు, ఇచ్చీస్తాను. కాయితం సాయంత్రం వస్తాది," అన్నాడాయన.

బాగానే ఉంది. కానీ కాగితం లేకుండా ఇస్తున్నాడని గీస్తే పైవాళ్లు ఊరుకుంటారా? ఈయన కొంప ముంచినవాణ్ణవుతాను. అందుకే రూలు పుస్తకంలో ఉన్నట్టే గీశాను: ముందు ఇండెంటు, తర్వాత వస్తువు. కన్సల్టెంట్లు "ఇక్కడ గ్యాపే లేదు" అని మెచ్చుకుని, కంప్యూటర్లోనూ అలాగే పెట్టేశారు. పెద్ద ఉపకారం చేశానని మురిసిపోయాను.

కొత్త పద్ధతి మొదలైన వారానికే కన్వేయర్ ఆగింది. స్టోర్సుకు ఫోనొచ్చింది. ఇండెంటు ఎక్కందే కంప్యూటర్ గేట్ పాసివ్వదు, పాసు లేందే సెక్యూరిటీ వదలడు. సంతకం పెట్టాల్సిన ఆఫీసరేమో పరవాడలో మీటింగులో ఉన్నాడు. మా స్టోర్‌కీపర్ బేరింగు చంకలో పెట్టుకుని గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాడు. మర్నాడు ఆలస్యానికి మెమో ఈయనకే వచ్చింది.

నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. తిన్నగా మా మేనేజరు గదికి వెళ్లి, ఆ బొమ్మ తప్పని, తెలిసే గీశానని చెప్పేశాను. చివాట్లు పడ్డాయి. స్టోర్‌కీపర్ మెమో రద్దయి, నాకో మెమో వచ్చింది. ఆ కబురు మోసుకుని, కాస్త గర్వంగానే స్టోర్సుకు వెళ్లాను.

ఆయన ముఖం వికసించలేదు.

"నన్ను కాపాడదామనే గీసినావు, కాదనను. మరి నన్నోపాలి అడగాల కదేటి? నాను దొంగపని సేత్తన్నానేటి? పెద్దాఫీసరు ముందరైనా ఇలాగే సేత్తన్నానని సెప్పుకుందును. నువ్వే నన్ను దొంగని సేసీసినావు బావా."

ఆయన స్టూలు నా వైపు తోశాడు.

"కూకో. కాయితం తియ్యి. ముందు ఫోనొస్తాది. రాయి."

రాశాను.