సమ్మమ్మ ఏరిన టమాట

డెబ్బై ఏడులో మట్టెవాడ బడిలో టీచరుగా చేరినప్పుడు సమ్మమ్మ ఇంట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. ఆమె భర్త ఎల్లస్వామి డోర్నకల్‌లో రైలు పట్టాల పని చేసేవాడు. ఆదివారాలే ఇంటికొచ్చేవాడు. ఆమెకు చదువు రాదు. ఇంటెనుక చిన్న పెరడు, అందులో నిండా టమాటలు.

ఆ ఏడు ఎల్లస్వామి హనుమకొండ నుంచి కొత్త రకం విత్తనాల పొట్లం తెచ్చాడు. చలికాలమంతా పిడికిలంత కాయలు కాశాయి. ఎండలు ముదిరేసరికి ఆకులు ముడుచుకుని చెట్లన్నీ ఎండిపోయాయి. ఒక్కటే మిగిలింది. అది ఎవరూ నాటింది కాదు, స్నానాల నీళ్లు పారే చోట దానంతటదే మొలిచిన నాటు చెట్టు. ఉసిరికాయంత కాయలు. కొరికితే పళ్లు జివ్వుమనేవి.

సమ్మమ్మ ఆ చెట్టు కాయలనే విత్తనానికి ఉంచింది.

"సమ్మక్కా, ఇంత పుల్లటిది ఏం చేసుకుంటవ్?" అని నవ్వాను.

"కాయను చూడకు చెల్లె, చెట్టును చూడు. గింత ఎండల గూడ తలకాయ దించలే."

మరుసటి ఏడు ఆ విత్తనానికి మొలిచిన చెట్లలో ఏ రెండూ ఒక్కతీరుగా లేవు. కొన్నిటికి గోళీలంత కాయలు, కొన్నిటికి గుప్పెడంత. ఆమె రోజూ పొద్దున్నే ఒక్కో చెట్టు ముందు కూర్చుని ఆకులు తిరగేసి చూసేది. ప్రతి చెట్టు కాయా కొరికి రుచి చూసేది. ఎండాకాలం దాటిన వాటిలో ఒక్కదాని విత్తనమే తీసేది. ఏటా అంతే.

ఎనభై ఒకటిలో ఒక చెట్టు వాడకట్టంతా వచ్చి చూసేంత బాగా కాసింది. ఎర్రగా, బరువుగా, గుత్తులు గుత్తులు. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి సమ్మమ్మ దాన్ని వేళ్లతో సహా పీకేసింది.

"అయ్యో, ఎందుకు పీకినవ్?"

"కొసకు రెండాకులు ముడుసుకుంటానయ్ చెల్లె. దీన్ని ఉంచితే దీని పిల్లలు గూడ గట్లనే అయితయ్."

గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ పొద్దు ఆమె అన్నం ముట్టలేదు.

ఎనభై ఐదు మే నెలలో మా వాడకట్టులో మరెక్కడా పచ్చటాకు లేదు. సమ్మమ్మ పెరట్లో మాత్రం ఇరవై ఆరు చెట్లు అచ్చు ఒక్కతీరుగా ఎర్రగా కాసి నిలబడ్డాయి. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన కిషన్ రావు గారు నాకు తెలుసు. ఆయన్ని పిలుచుకొచ్చాను. గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చెప్పులు విప్పి, చెట్ల మధ్యకు మెల్లగా నడిచారు.

"ఈ విత్తనం ఎక్కడ కొన్నవమ్మా?"

"కొనలే సార్. ఏటేటా ఏరుకుంట వచ్చిన."

మొదటి నాటు చెట్టు నుంచి అంతా చెప్పింది. ఆయన మట్టిలోనే చతికిలబడి విన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"పక్కనున్న పెద్ద రకం పుప్పొడిని తుమ్మెదలు నాటు పువ్వు మీదికి మోసుంటయి. ఆ కలిసినదాంట్ల నుంచి మంచిని విడదీసుడు ఏండ్ల పని. మేం పుస్తకాలల్ల రాసుకుంట చేసేటోళ్లం. ఈమె అంతా కండ్లల్లనే పెట్టుకున్నది."

సమ్మమ్మ పొట్లం కట్టి విత్తనం ఇస్తే ఆయన రెండు చేతులా అందుకున్నారు. ఆమె మాత్రం తప్పు చేసినదానిలా నిలబడింది.

"సార్, తొక్క జర పల్చగున్నది. ఇంకా ఏరుకుంట పోతే గట్టిపడ్తదంటరా?"

ఆయన ఒక కాయను బొటనవేలితో మెల్లగా నొక్కి చూశారు.

"నువ్వు చూసుకుంట ఉంటే గట్టిపడ్తదమ్మా."

మూడేళ్లకు తొక్క గట్టిపడింది. ఎల్లస్వామి సంచినిండా ఆ కాయలను డోర్నకల్ తీసుకుపోయేవాడు. రైలు రద్దీలో నలిగినా ఒక్కటీ పగిలేది కాదట. అక్కడ తోటివాళ్లకు పంచుతూ, అడగకపోయినా ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు: "మా ఇంటిది చేసిన టమాట."