దీపావళి లోపల ఆగిన యుద్ధం

బాన్సువాడ అంగడిలో నన్ను రేడియో సారు అనేవాళ్లు. నేను సారునూ కాను, రేడియో నాదీ కాదు. అడ్తి దుకాణంలో గుమస్తాను. రైతులు తెచ్చిన వడ్లు, జొన్నలు, బెల్లం మా సేటు దగ్గర అమ్ముడయ్యేవి. రేడియో సేటుది, చెవులు మాత్రం నావి. పొద్దున్నే వార్తలు వినాలి. పోస్టాఫీసుకు పోయి నిజామాబాదుకు ట్రంకు కాల్ చేయించి అక్కడి ధరలు కనుక్కోవాలి. మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపరును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాలి. దుకాణం ముందు వేలాడే నల్ల పలక మీద ఆ రోజు ధరలు సుద్దతో రాయాలి. ఇదీ నా ఉద్యోగం. ఇలాంటి పని చేసేవాళ్లకు పట్నాల్లో పెద్ద పేర్లు పెట్టి చల్లటి గదుల్లో కూర్చోబెడతారట. నాకు మడతపెట్టిన గోనెసంచే కుర్చీ. పొగరులో మాత్రం వాళ్లకు నేనేమీ తీసిపోలేదు.

ఆ పొగరు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. డెబ్బై ఒకటిలో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పుడు అంగడంతా బెంబేలెత్తిపోయింది. ఉప్పు దొరకదని, దీపాల్లోకి గ్యాసునూనె దొరకదని జనం దుకాణాల మీద పడ్డారు. నేను పలక పక్కన నిలబడి, "పదిహేను రోజులు, అంతకంటే ఒక్క దినం ఎక్కువ నడవదు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. నోటికొచ్చింది, అనేశాను. పదిహేను రోజులు నిండకుండానే యుద్ధం ముగిసింది. ఇక అప్పటి నుంచి నా మాటంటే మాటే. బెల్లం ఇప్పుడే అమ్మాలా, ఆగాలా, ఎరువుల ధర పెరుగుతుందా అని రైతులు సరాసరి నా దగ్గరికే వచ్చేవాళ్లు. నాలుగుసార్లు చెబితే మూడుసార్లు నిజమయ్యేది. తప్పిన ఆ ఒక్కసారిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అందరికంటే ముందు మర్చిపోయింది నేనే.

అలా వచ్చేవాళ్లలో ఒక రైతు ఉండేవాడు. జుక్కల్ వైపు ఒక తాండా ఆయనది. బాన్సువాడ పొలాలకు నిజాంసాగర్ కాలువ ఉంది గానీ అటువైపు ఆ నీళ్లు పోవు. తాండాకు కరెంటు కూడా లేదు. ఉన్నదల్లా ఒక బావి, దాని మీద ఆయన కష్టపడి కొనుక్కున్న డీజిల్ ఇంజన్. ఆ ఇంజన్‌ను తన తలగుడ్డతో తుడిచేవాడు. "పెళ్లాం ముఖం ఎప్పుడైనా గిట్ల తుడిచినవా అన్నా?" అని నేను ఏడిపిస్తే సిగ్గుపడి నవ్వేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా నన్ను సారూ అనే పిలిచేవాడు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. దాచడం దేనికి.

డెబ్బై మూడు దసరా రోజుల్లో అరబ్బు దేశాల వైపు యుద్ధం మొదలైంది. ఆ వారం అంగడి నాడు ఆయన జొన్న విత్తనాల మూట భుజాన వేసుకొని దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు.

"సారూ, అరబ్బోళ్ల దిక్కు లడాయి మొదలైందంట గదా. డీజిల్ దొరుకుతదా, దొరకదా? నేనేమో జొన్న ఇత్తుదామని ఎల్లిన. మా అన్నదమ్ములేమో బాయి ఉన్నది, ఇంజన్ ఉన్నది, యాసంగికి వరి పెట్టు అంటుండ్రు. డీజిల్ దొరికితె వరి, దొరకకుంటె జొన్న. నువ్వు ఎట్లంటె గట్ల."

నల్లరేగడిలో జొన్నకు నీళ్లు పెట్టే పని లేదు. వానలు వదిలిపోయిన తేమతోనే పండుతుంది. కానీ విత్తడానికి కావలసిన పైతేమ వారం పది రోజుల కంటే ఆగదు. వరి సంగతి వేరు. రెండు నెలల తరువాత నాటు వేసి, ఎండాకాలం దాకా ఇంజన్‌తో తడుపుతూ ఉండాలి. అంటే ఆయన ఆ మెట్ల మీద అడుగుతున్నది మామూలు ప్రశ్న కాదు. ఇంట్లో ఐదుగురి ఏడాది తిండి గురించి అడుగుతున్నాడు. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"ఫికర్ చెయ్యకు అన్నా. దీపావళి లోపల లడాయి ఆగుతది. ఆగినంక డీజిల్ కొరత ఎందుకుంటది? వరి పెట్టు. జొన్న అందరూ ఇత్తుతుండ్రు, ధర పడిపోతది" అన్నాను.

ఆయన తల ఊపాడు. లేచి మూటను దుకాణంలోకి తెచ్చి, కాటా వెనక మూలన పెట్టాడు.

"ఇది నీ దగ్గర్నే ఉండనీ సారూ. ఇత్తనీకని గడప దాటిన గింజ మళ్ల గడప లోపలికి రావొద్దు. మా తాండల గట్ల చెయ్యం. వచ్చే దసరాకు ఇక్కడ్నుంచే సీదా చేనుకు తీస్కపోత."

యుద్ధం దీపావళి లోపలే ఆగింది. పండుగకు రెండు రోజుల ముందు రేడియోలో ఆ వార్త విని నేను దుకాణంలోంచి వీధిలోకి పరుగెత్తాను. ఆ వారం అంగడిలో నా చేత ఎన్ని చాయ్‌లు తాగించారో లెక్క లేదు. తాండా రైతు వచ్చి నా రెండు చేతులూ పట్టుకొని, "నీ నోట్ల దేవుడున్నడు సారూ" అన్నాడు. నేను కాదనలేదు.

నేను లెక్క వేసింది యుద్ధాన్ని. నూనెను కాదు. ఫిరంగులు ఆగితే ఓడలు కదులుతాయని, ఓడలు కదిలితే డీజిల్ వస్తుందని అనుకున్నాను. మనకు తెలిసిన యుద్ధం అలాంటిదే మరి. అయిపోతే అన్నీ మామూలైపోతాయి. నూనె ఉన్న దేశాలు మాత్రం యుద్ధం ఆగాక కూడా బిగించిన చెయ్యి వదల్లేదు. సంక్రాంతి నాటికి నూనె ధర ఎన్నో రెట్లు అయిందని పేపర్లో వచ్చింది. అప్పటికి ఆయన నాటు వేసేశాడు.

పెట్రోలు బంకు ముందు డబ్బాల వరస రోడ్డు దాకా వచ్చింది. పొద్దున వరసలో పెట్టిన డబ్బా మర్నాటికి గానీ ముందుకు జరిగేది కాదు. ఆయన డబ్బా అక్కడ వదిలి వచ్చి మా దుకాణం ముందు కూర్చునేవాడు. ఎదురుగా నా పలక. ఎరువులు లేక, కరువు మీద కరువు వచ్చి గింజల ధరలు పెరిగాయి. జొన్న అన్నింటికంటే ఎక్కువ పెరిగింది. ప్రతి పొద్దునా తడిగుడ్డతో పాత అంకె తుడిచి, దానికంటే పెద్ద అంకె వేసేవాణ్ణి. ఆయనకు చదువు రాదు, కానీ అంకెలు తెలుసు. నేను రాస్తున్నంతసేపూ చూస్తూ ఉండేవాడు. ఒకరోజు మెల్లగా అడిగాడు.

"లడాయి ఆగింది గదా సారూ? మరి డీజిల్ ఎందుకు వస్తలేదు?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. నేను సుద్దముక్క కోసం వెతుకుతున్నట్టు లోపలికి పోయాను.

ఎండలు ముదిరాక ఉండబట్టలేక తాండాకు పోయాను. ఇంజన్ ఉండాల్సిన చోట నాలుగు బోల్టులూ నూనె మరకా ఉన్నాయి. బిచ్కుంద వాళ్లెవరో అప్పు కింద పట్టుకుపోయారట. పొట్టకొచ్చి ఎండిపోయిన వరిలో తాండా పశువులన్నీ మేస్తున్నాయి. వాటిని తోలింది ఆయనే. ఎవరి పశువులైనా సరే తిననీ అన్నాడట. నన్ను చూసి మంచం వాల్చి, భార్యను పిలిచి నీళ్లిప్పించాడు.

"తప్పు నాదే అన్నా" అని ఒక్క మాట అనడానికే అంత దూరం పోయాను. ఆ మాట నోట్లోంచి రాలేదు. దానికి బదులు అరగంట సేపు ఆయనకు అరబ్బు దేశాల సంగతి చెప్పాను. వాళ్లు నూనె బావులు ఎందుకు బిగించారు, ఓడల కిరాయి ఎందుకు పెరిగింది, సర్కారు ఏమంటోంది, అంతా చెప్పాను. పంట పోయిన మనిషి ముందు కూర్చొని, నా లెక్క ఎక్కడ తప్పిందో నేనే మురిపెంగా విప్పి చూపించాను. ఆయన మర్యాదగా తల ఊపుతూ విన్నాడు. ఆ అరగంట గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

"బొంబాయిల ఇటుకలు మోసే పని ఉన్నదంట. పోతున్న. దసరాకు ఇత్తనాల యాళ్లకు వస్త. నా మూట జర పైలం సారూ" అన్నాడు చివరికి.

ఆ మూటను పైలంగానే చూశాను. నెలకోసారి ఎండబెట్టి, బూడిద కలిపి, ఎలుకలకు అందకుండా దూలానికి వేలాడదీశాను. జొన్న ధర చూసి మా సేటు ఒకసారి ఆ మూట మీద కన్నేస్తే, జీవితంలో మొదటిసారి ఆయన మీద అరిచాను. అంతకుమించి నాకు చేతనైంది ఏమీ లేదు.

దసరా వచ్చింది. ఆయన రాలేదు. ఆయన భార్య వచ్చింది. ఆయనతో కలిసి బొంబాయికి పోయిన పక్క తాండా మనిషి తిరిగొచ్చాడట. ఆయన వేరే పనికి మారాడని, ఆ తరువాత కనబడలేదని చెప్పాడట. ఉత్తరం లేదు, కబురు లేదు. ఆమె దుకాణం మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చెప్పి, విత్తనం మూట అడిగింది. దించి ఇచ్చాను. ముడి విప్పి గింజలు అరచేతిలో పోసుకొని, మంచిగున్నయి అంది. మళ్లీ ముడి వేసింది. అయినా కదల్లేదు.

"అన్నా, నువ్వు రేడియో వింటవు. ఎక్కడనో సముద్రం అవతలి లడాయి ఎప్పుడాగుతదో చెప్పినవు, గట్లనే ఆగింది. బొంబాయి అంత దూరం గూడ కాదు గదా. గాయన ఎప్పుడొస్తడో చెప్పు."

ఆమె ముఖంలో ఎత్తిపొడుపు కోసం వెతికాను. కాస్తయినా ఉంటే తట్టుకునేవాణ్ణే. నన్ను నమ్మే అడుగుతోంది. ఎవరేమడిగినా ఇకనుంచి తెలియదనే చెప్పాలని నేను ఒట్టు పెట్టుకొని అప్పటికి ఆరు నెలలు. ఆమె కళ్లలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"దీపావళి లోపల వస్తడు చెల్లె" అన్నాను.

ఆమె విత్తింది. దీపావళికి ఆయన రాలేదు. జొన్న పండింది. పంటలోంచి మరుసటి ఏటి విత్తనం మూట కట్టి, మా దుకాణంలో అదే మూలన పెట్టిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ దసరాకు వచ్చి, మూట తీసుకునే ముందు అదే ప్రశ్న అడిగింది. నేను అదే మాట చెప్పాను. ఆ తరువాతి ఏడు కూడా. బొంబాయికి పోయేవాళ్ల చేత వెతికించాను. రెండుసార్లు నేనే పోయి, మేస్త్రీలను అడుగుతూ తిరిగాను. ఎక్కడా ఆయన జాడ లేదు.

ఎనభైలో ఇరాన్, ఇరాక్ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పటికి మా చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు చాలామంది గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. దసరా అంగడి నాడు దుకాణం ముందు జనం మూగారు. ఎన్ని రోజులు నడుస్తది సారూ, డీజిల్ మళ్ల బందైతదా, మా పిలగాడిని రమ్మనాలా అని తలా ఒక ప్రశ్న. "నాకు తెల్వదు" అన్నాను ఒక్కొక్కరికీ. ఇన్నేండ్లు రేడియో విని నేర్చిందేంది అని ఒకాయన కోప్పడ్డాడు. సేటు లోపలి నుంచి ఉరిమి చూశాడు. జనం గొణుక్కుంటూ విడిపోయారు.

అందరూ పోయాక ఆమె మెట్ల దగ్గరికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నేను ఆ రోజు ఎవరికేం చెప్పానో అంతా వింటూ పక్కనే నిలబడి ఉంది. మూట తెచ్చి ఆమె ముందు పెట్టాను. ముడి విప్పి గింజలు చూసుకొని, మళ్లీ ముడి వేసింది. ఈసారి అడగకపోతే బాగుండునని నేను లోలోపల మొక్కుకుంటున్నాను.

"నాకు గూడ తెల్వదనకు అన్నా" అంది. "చేనుకు పోవాలె. గా మాట ఒక్కటి చెప్పు, పోత."

"దీపావళి లోపల వస్తడు చెల్లె" అన్నాను.

ఆమె మూట నెత్తిన పెట్టుకొని జుక్కల్ బస్సు ఆగే చోటికి నడిచింది.