రేవులో ఆఖరి చెక్క

ఎవరైనా దెయ్యాల వీడియో పంపితే గ్రూపులోనే తిట్టి బయటికి వచ్చేసే రకం నేను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాను. ఫోన్‌లో రికార్డయితే తప్ప ఏదీ నమ్మను. ఇప్పుడు చెప్పేది మాత్రం ఫోన్‌కీ అందలేదు.

కరోనా తగ్గాక రెండో ఎండాకాలం. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వడ్రంగి వర్క్‌షాప్‌లో నేనూ, మా అమ్మ తమ్ముడు యేసుదాసు మావయ్యా పనిచేసేవాళ్లం. ఒక అరబ్బు కుటుంబం ఎడారిలోని తమ తోటలో పెద్ద చెరువు తవ్వించుకుంది. ఒడ్డున పడవలకు షెడ్డు, నీళ్లలోకి చెక్కల రేవు మేం కట్టాలి.

మావయ్యది కాకినాడ పక్క పడవలు కట్టే ఊరు. పద్దెనిమిదేళ్లు ఇక్కడ తలుపులూ అల్మారాలే చేశాడు. ఈ పని అవగానే వీసా రద్దు చేయించుకుని ఇంటికి వెళ్లిపోవాలి. అప్పుడప్పుడూ ఛాతీ పట్టుకునేవాడు. హాస్పిటల్‌కి పద అంటే, పని అయ్యాక అనేవాడు.

వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉంది. కట్టినవాడు ఒకసారి పడవలో నీళ్ల మీదికి వెళ్లొచ్చి దిగాకే ఆఖరి చెక్క బిగిస్తారు. అందుకని రేవు కొసన ఒక చెక్కని ఊరికే ఆనించి, దాని నాలుగు స్క్రూలనీ పక్క చెక్క మీద తలకిందులుగా, వరసగా నిలబెట్టాడు.

"మావయ్యా, ముదీర్ చూస్తే ఇద్దరికీ ఖలాస్. బిగించెయ్."

"నువ్వు ఫోన్ జేబులో పెట్టిన రోజు బిగిస్తాన్రా అల్లుడూ. ఇంగ్లీషు వచ్చినోడివి, తోట గల ఆ పెద్దాయన్ని అడుగు. ఒక్కసారి పడవ ఎక్కి దిగుతానంతే."

పనివాళ్లు పడవ ఎక్కకూడదని ముదీర్, అంటే మా మేనేజరు, ముందే చెప్పాడు. పెద్దాయన్ని అడిగితే సరిపోయేది. అడగలేదు. "పడవ సరదా ఊరెళ్లి తీర్చుకో" అని అందరి ముందూ అరిచాను.

మర్నాడు మధ్యాహ్నం ఎండ విరామంలో షెడ్డు నీడన పడుకున్న మావయ్య మళ్లీ లేవలేదు.

శవాన్ని ఊరికి పంపించాక నేనే వెళ్లి ఆ చెక్క బిగించాను. ఎవరి మీద కోపమో తెలీదు, స్క్రూల తలలు చెక్కలోకి దిగిపోయేదాకా డ్రిల్లు వదల్లేదు. ఫోటో తీసి ముదీర్‌కి పంపాను.

ఆ వారాంతం కుటుంబమంతా వచ్చింది. పిల్లలు రేవు మీంచి నీళ్లలోకి దూకారు. పెద్దాయన పడవలో తిరిగాడు. నాలుగు రోజులకి ఫోన్ వచ్చింది, చెక్క ఊడిందని.

వెళ్లి చూశాను. చెక్క దాని చోట్లోనే ఉంది. నాలుగు స్క్రూలూ పక్క చెక్క మీద తలకిందులుగా, వరసగా ఉన్నాయి.

కావలి ఉండే పఠాన్‌ని కాలర్ పట్టుకున్నాను. "కసమ్ సే భాయ్, నా దగ్గర స్క్రూడ్రైవరే లేదు" అన్నాడు.

ఈసారి పొడుగు స్క్రూలు వేశాను. మళ్లీ ఊడింది. మూడోసారి బిగించి, ఎండ విరామంలో ఫోన్‌ని చెక్క వైపు పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాను. నేనూ పఠానూ షెడ్డులో రేవుకి ఎదురుగా కూర్చున్నాం. ఎవరూ అటు వెళ్లలేదు. పదకొండు నిమిషాలకి ఫోన్ వేడెక్కి ఆగిపోయింది. అంతవరకూ వీడియోలో చెక్క బిగించే ఉంది.

విరామం అయ్యాక వెళ్తే స్క్రూలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ ఎండకి చెయ్యి కాలాలి. చల్లగా ఉన్నాయి.

అప్పుడు వెళ్లి పెద్దాయన్ని అడిగాను. ఆయన కారణం కూడా అడగలేదు. "యల్లా, తీసుకెళ్లు" అన్నాడు. అంతే, ఒక్క మాట.

మావయ్య కొలతల టేపు పక్కన పెట్టుకుని పడవలో చెరువంతా తిరిగి వచ్చి దిగాను. ఫోన్ జేబులో పెట్టి, ఆయన స్క్రూడ్రైవరుతోనే చెక్క బిగించాను.

వారానికి మళ్లీ ఊడింది.

ఎండకి కలప వంకరపోతుంది అంటాడు ముదీర్. వంకరపోతే స్క్రూలు వదులవుతాయేమో గానీ వరసగా నిలబడవు. ఇంతకు మించి నాకూ తెలీదు. ఇప్పుడు రేవుకి అడ్డంగా తాడు కట్టేశారట. పిల్లలు అటు వెళ్లడం లేదు. నన్నూ పిలవడం లేదు.

ఎక్కి దిగాల్సింది కట్టినవాడు. నేను చెక్కలు అందించినవాణ్ణి.