పాట కింద ఊపిరి

మా నాయిన గొంతు నేను వినలేదు. నాకు నడక రాకముందే, ఎవరిదో పెళ్లి వీడియో తీసి బండి మీద ఇంటికొస్తూ హైవే మీద లారీ కింద పడి పోయాడు. కోదాడ బస్టాండు వెనక ఆయనకు చిన్న వీడియో స్టూడియో ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో అన్ని పెళ్లిళ్లు తీసినవాడు, తాను మాత్రం ఒక్క క్యాసెట్‌లోనూ కనపడడు. కెమెరా మోసేవాడు ఎట్లా కనపడతాడు? గోడకు దండ వేసిన ఫోటో ఒకటి ఉంది, అంతే.

పోనీ గొంతైనా దొరుకుతుందేమో అనుకుంటే, దానికి మన వీడియోవాళ్ల అలవాటు అడ్డం పడింది. ఆ రోజుల్లో ఏ ఫంక్షన్ తీసినా, మిక్సింగ్‌లో అసలు చప్పుడు పక్కన పడేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు పోసేవాళ్లు. తలంబ్రాలకు ఒక పాట, అప్పగింతలకు ఒక పాట, చివరికి బంతి భోజనాలకూ పాటే. మనుషులు నోళ్లు కదుపుతుంటారు, మాట బయటికి రాదు. చిన్నప్పుడు అవి చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. మా నాయిన చేసిన పని కూడా అదేనని అమ్మ చెప్పినప్పుడు ఆయన మీద కూడా మండింది.

నేను సూర్యాపేటలో ఉంటాను. చివ్వెంల దగ్గర ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను, రోజూ బస్సులో పోయి వస్తాను. నాకో పిచ్చి ఉంది. ఇంటర్నెట్‌లో ఎవరికీ అక్కరలేని మూలల్లో తిరగడం. ఏ దేశంలోనో ఎవరో తీరిగ్గా రాసి, ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేర్లు అక్కడ ఉంటాయి. ఎవరైనా వాటిని విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. "కూడు పెట్టని సదువు" అని అమ్మ గొణుగుతుంది. అట్లా తిరుగుతూ పాత వీడియో క్యాసెట్లను కాపాడేవాళ్ల ఫోరం ఒకదాంట్లో పడ్డాను. అక్కడ ఒకాయన రాసింది మళ్లీ మళ్లీ చదివాను.

క్యాసెట్ టేపు మీద శబ్దం రెండు చోట్ల ఉండొచ్చట. టేపు అంచు వెంట సన్నగా ఒకటి, బొమ్మ కింద లోతుగా ఇంకొకటి. మన ఇళ్లలో ఉన్న మామూలు ప్లేయర్లకు అంచు మీదిదే వినపడుతుంది. పాటలు పోసినప్పుడు చెరిగేదీ అదే. లోపలిదాన్ని చెరపాలంటే బొమ్మను కూడా చెరపాలి. అందుకని కాస్త మంచి మెషీన్ల మీద తయారైన క్యాసెట్లలో, పాట కింద ఆనాటి మాటలు అట్లాగే ఉండిపోయి ఉండొచ్చు. ప్లేయర్ లోపల టేపును చదివే హెడ్ దగ్గర నుంచి వైరు లాగి కంప్యూటర్‌కు ఇస్తే, ఆ మాటలను బయటికి తీసే సాఫ్ట్‌వేర్ ఆ ఫోరంలోనే ఉచితంగా ఉంది.

అంటే ఇన్నేళ్లూ అందరి బీరువాల్లో, పాటల కింద, పోయినవాళ్లు మాట్లాడుతూనే ఉన్నారన్నమాట. అది తెలిసినప్పటి నుంచి ఎవరింట్లో బీరువా పక్కన కూర్చున్నా నాకు అదోలా ఉండేది.

మిర్యాలగూడలో మా పెద్దమ్మ దగ్గర ఒక క్యాసెట్ ఉందని తెలుసు. ఆమె కూతురి ఓణీల ఫంక్షన్. తీసింది మా నాయినే, స్టూడియోలో కూర్చుని పాటలు పోసిందీ ఆయనే. అడిగితే చీరల అడుగు నుంచి తీసి ఇచ్చింది. "ఇప్పుడెవరు సూస్తరే దీన్ని? బూజు పట్టింది," అంది. నిజంగానే టేపు అంచున తెల్లటి బూజు ఉంది. సూర్యాపేటలో టీవీలు బాగుచేసే మెకానిక్ పాత సామాన్లలోంచి ఒక ప్లేయర్ వెతికి, వైరు అతికి ఇచ్చాడు. టేపు చూసి మాత్రం పెదవి విరిచాడు.

"ఒకటి రెండుసార్లు ఆడతదేమో మేడం. గట్టిగ చెప్పలేను."

అమ్మకు చెబితే ఆమె అన్నం కలుపుతున్న చేయి ఆగిపోయింది. "పోయినోళ్లను లేపుతవా? ఒద్దు బిడ్డా. పండుకోనీ." నేను వింటానా? చిన్నప్పటి నుంచి ఒద్దన్న పనే చేసి పెరిగినదాన్ని.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం, అమ్మ బజారుకు పోయినప్పుడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. ముందు బుసబుస. తర్వాత ఒక్కసారిగా వాకిలంతా చెవుల్లోకి వచ్చింది. గిన్నెల చప్పుడు, పసిపిల్ల ఏడుపు, "పసుపు ఏడ పెట్టిండ్రే" అని ఎవరిదో కేక. తెర మీద ఎన్నడో పోయిన మా అమ్మమ్మ నోరు కదిపింది. ఈసారి మాట కూడా వచ్చింది: "ఆకులు తుడిచి ఎయ్యుండ్రి." అక్కడున్న వాళ్లంతా పని చేసుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి కెమెరా వైపు, అంటే నా వైపు చూస్తున్నారు.

వాళ్ల మాటల మీద ఒక రొద ఉంది. ఎడమ చెవిలోనే. పొయ్యిలో పెట్టిన తడి కట్టె లాగా సుయ్‌మంటుంది, ఆగుతుంది, మళ్లీ సుయ్‌మంటుంది. ఎంత దగ్గరగా ఉందంటే నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు గడియ వేసే ఉంది. మళ్లీ వింటే మళ్లీ అదే. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టినా, ఎడమ భుజం వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. భయమేసింది, దాచుకోవడం ఎందుకు. పాత మెషీను, బూజు పట్టిన టేపు, ఇట్లాగే ఉంటది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

రొద తీసేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితంగానే దొరికింది. ముందుగా రొద అంటే ఏదో దానికి చూపించాలి. ఎవరూ మాట్లాడని చోట, ఆ చప్పుడు ఒక్కటే ఉన్న ముక్కను గుర్తు పెడితే, దాని పోలిక పట్టుకుని మొత్తంలోంచి ఏరి పారేస్తుంది. వెతికి చూపించాను. ఏరి పారేసింది. ఎడమ చెవి నీళ్లతో కడిగినంత శుభ్రమైంది. భుజం వెనక కూడా ఎవరూ లేరు.

అప్పుడు వినపడింది కెమెరా పక్క నుంచి ఒక మగ గొంతు. "అమ్మా, గిటు సూడుండ్రి. జర నవ్వాలె. పెద్దాయనా, నువ్వు పక్కకు జరుగు." ఎంత హుషారు గొంతు! కూర్చున్న చోటే ఏడ్చాను. అసలు ఫైలు కంప్యూటర్‌లో జాగా అంతా తినేస్తోందని తీసేసి, శుభ్రం చేసినదే ఉంచుకున్నాను. ఆ గొంతును ఫోన్లో వేసుకుని రోజూ చివ్వెంల బస్సులో విన్నాను. క్లాసులో నాకు తెలియకుండానే అదే తీరుగా "గిటు సూడుండ్రి" అంటే పిల్లలు నవ్వారు. ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. వీడియోలో ఒకచోట అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. అక్కడ బొమ్మ చాలాసేపు కదలకుండా నిలబడుతుంది, స్టాండు వేశాడేమో అన్నట్టు. అందరినీ పలకరించిన మనిషి, మా దగ్గరికి వచ్చేసరికి ఒక్క మాట అనడు.

అమ్మను కూర్చోబెట్టడానికి చాలా రోజులు పట్టింది. చివరికి ఒక ఆదివారం పొద్దున సరేనంది. చీర కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. గొంతు రాగానే నేను ఆమె ముఖం చూశాను. అమ్మ నవ్వింది.

"వీడా! లైటు పట్టేటోడు కదనే. అనంతగిరి పిలగాడు. నోరు మూసేటోడు కాదు."

"మరి నాయిన?"

"మీ నాయిన కెమెరా భుజాన పెట్టినంక మాట్లాడడు. మాట్లాడితే బొమ్మ ఊగుతదంటడు." మళ్లీ విన్నది. తల ఒక పక్కకు వంచి ఇంకాసేపు విన్నది. "ముక్కు సప్పుడు ఏదే?"

"ఏం సప్పుడమ్మా?"

"చిన్నప్పుడు సైకిల్ మీదికెల్లి పడి ముక్కు బొక్క ఇరిగింది. దమ్ము తీసినప్పుడల్లా సుయ్‌మంటది. నువ్వు ఆ సప్పుడు వినుకుంటనే నిద్ర పోయేదానివి. గిండ్ల అది లేదు."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. అంతకన్నా అధ్వాన్నం. ఆయన వచ్చి నా భుజం వెనక నిలబడితే, నేనే వేలు పెట్టి చూపించి, ఇదీ చెత్త, తీసి పారెయ్యి అన్నాను.

మళ్లీ టేపు ఆడించడం తప్ప దారి లేదు. మెకానిక్ మాట గుర్తొచ్చి, ప్లేయర్‌లో క్యాసెట్ మెల్లగా పెట్టాను. టేపు కీచుమంటూ తిరిగింది. అమ్మ పక్కకు వచ్చి, జ్వరం చూసినట్టు ప్లేయర్ మీద అరచేయి పెట్టి, టేపు అయిపోయేదాకా తీయలేదు. తెగలేదు. కంప్యూటర్ దాన్ని నమిలి శబ్దంగా మార్చేసరికి పొద్దు వాలింది.

ఈసారి ఏమీ శుభ్రం చేయలేదు. చిన్న ఇయర్‌ఫోన్లు తెచ్చి, ఎడమది అమ్మ చెవిలో పెట్టి, కుడిది నేను పెట్టుకున్నాను. నా చెవిలో గిన్నెలు, పిల్లలు, లైటు పిలగాడు. అమ్మ చెవిలో ఏముందో ఆమె వేలును బట్టి తెలిసింది. మోకాలి మీద చూపుడు వేలు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. "గీడనే ఉన్నడు," అంది. బొమ్మ నిలకడగా ఆగిన ప్రతిచోటా వేలు కూడా ఆగుతోంది. కొత్త ఓణీ వేసుకున్న పిల్ల ముఖం మీద కొంచెం, అమ్మమ్మ మీద కొంచెం. కదలకుండా తియ్యాలంటే దమ్ము బిగబట్టేవాడని అమ్మ చెప్పింది.

తర్వాత మేమిద్దరం వచ్చాం. పడుచు అమ్మ, ఒళ్లో నేను. అమ్మ వేలు లేచి అట్లాగే నిలబడిపోయింది. బొమ్మ ఇసుమంత కూడా ఊగలేదు. తెరలో అమ్మ నన్ను సర్దుకుంది, తలెత్తి చూసింది, సిగ్గుపడి దించుకుంది, మళ్లీ చూసింది. వేలు ఇంకా దిగలేదు. పక్కకు చూస్తే అమ్మ కూడా ఊపిరి తీయడం లేదు. చటుక్కున బొమ్మ మారి తాంబూలాల పళ్లాలు వచ్చాయి. స్టూడియోలో కూర్చుని ఆయనే అక్కడ కత్తిరించి ఉంటాడు.

"ఎవ్వరి మీద గింతసేపు బిగబట్టలే," అంది అమ్మ.

ఆ తర్వాత నేను ఎడమది పెట్టుకుని చాలాసార్లు వెతికాను. అక్కడ ఆయన బిగబట్టిన దమ్ము వదిలిన చప్పుడు క్యాసెట్‌లో లేదు, కత్తిరింపులో పోయింది. ఆ దమ్మును ఆ సాయంత్రం మా ఇంట్లో, ఆ మాట అనే ముందు, అమ్మ వదిలింది.