పాస్టర్‌గారి మెయిల్‌బాక్స్

2003లో మణుగూరు బస్టాండు దగ్గర నాకో ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక డయలప్ కనెక్షన్. నెట్ నడిచేది ఫోన్ లైన్ మీదే కాబట్టి, ఫోన్ కలవని చుట్టాలంతా నన్ను తిట్టుకునేవారు.

పినపాక వైపు పల్లె నుంచి పాస్టర్ యోహానుగారు ప్రతి సోమవారం వచ్చేవారు. ఆయన మెయిల్‌బాక్స్ నిండా స్పామ్, అంటే అడగకుండానే గుంపుగా వచ్చిపడే మెయిళ్లు. "క్యాన్సర్‌తో చావుబతుకుల్లో ఉన్నాను, నా ఆస్తి దేవుని పనికి ఇస్తాను, ఇట్లు మార్గరెట్" లాంటివి. ఆస్తి సంగతి ఆయన తలకెక్కేదే కాదు, జబ్బు అన్న మాట దగ్గరే కళ్లు చెమర్చేవి. ప్రార్థన అడిగినవారికి జవాబివ్వడం వాళ్ల సంఘంలో ఆచారం. ఆదివారం ఆ పేర్లు చదివితే అందరూ మోకాళ్ల మీద ప్రార్థించేవారు. మర్నాడు ఆయన ఒక్కొక్కరికీ "మీకోసం ప్రార్థించాం" అని రాసేవారు. జవాబు వెళ్తే ఆ అడ్రస్ వాడుకలో ఉందని మోసగాడికి తెలిసిపోతుంది, ఇంకా ఎక్కువ పంపుతాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

"అయ్యగారూ, ఇవన్నీ దొంగ మెయిళ్లు. ఫిల్టర్ పెడతాను, వాటంతటవే పక్కకు పోతాయి" అన్నాను.

"అండ్ల ఒక్కరన్న నిజంగ కష్టంల ఉంటే ఎట్ల తమ్మీ? ఫిల్టర్‌కు ఏం ఎరుక?"

పోలీసులైనా ఆపుతారేమోనని స్టేషన్‌కు వెళ్లాను. ఎస్సై నవ్వాడు. "ఎవని మీద రాయాలె కేసు? ఆడు ఏ దేశంల ఉన్నడో నీకు ఎరుకనా? పైసలు గూడ పోలేదంటివి. చాయ్ తాగి పో."

ఆ రోజుల్లోనే సంఘంలోని ఒక మేస్త్రీ కూతురు కరుణకు కళ్ల లోపల ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతోంది. ఏడేళ్ల పిల్ల. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి ఉచితంగా ఆపరేషన్ చేస్తామంది. ఊళ్లో ఫోన్ లేదు, కాబట్టి తేదీ పాస్టర్‌గారి మెయిల్‌కు పంపుతామన్నారు. అప్పట్లో మెయిల్‌బాక్స్‌లో చోటు చాలా తక్కువ. నిండితే కొత్త మెయిల్ పంపినవారికే తిరిగిపోతుంది.

ఒక గురువారం పాస్టర్‌గారు వచ్చారు. సోమవారం కాని రోజు ఆయన రావడం అదే మొదటిసారి.

"పిల్ల నాయన ఆసుపత్రికి పోయి అడిగిండు. మెయిల్ వాపస్ వచ్చిందంట. ఆ డేటు ఇంకొకరికి ఇచ్చిండ్రంట."

రెండు నెలల తర్వాత ఆపరేషన్ అయింది. కుడి కన్ను నిలిచింది. ఎడమ కన్ను అప్పటికే పోయింది.

ఆపరేషన్ అయిన తర్వాతి సోమవారం ఆయనే ఫిల్టర్ పెట్టమన్నారు. స్పామ్‌ను ఆపేది చట్టమా, ఫిల్టరా అని ఎవరడిగినా నేను ఫిల్టరే అంటాను. కానీ ఆ మాట జాలిగుండె ఉన్నవాడికి ముందే నచ్చజెప్పే విద్య నాకు చేతకాలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

పాత మెయిళ్లన్నీ ఎంచి డిలీట్ నొక్కబోతుంటే ఆయన నా చేయి పట్టుకున్నారు.

"ఈ మార్గరెట్టమ్మ... అసలు లేనే లేదా తమ్మీ?"

"లేదండీ."

"ఆమె కోసం కరుణ గూడ మోకాళ్ల మీద కూసున్నది" అని, చేయి వదిలేశారు.