అప్ప చేత మాన్పించిన అడ్డపొగ

అరవైల చివర నేను నెల్లిమర్లలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. జూట్ మిల్లు మొదటి కూత కూసేసరికి లేచి, నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకుని, దండీలు, బస్కీలు తీసి, ఇంగ్లీషు పేపరు గట్టిగా చదివేవాణ్ణి. విజయనగరంలో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న అట్ట లేని పుస్తకం ఒకటి నాకు ఈ పిచ్చి పట్టించింది. పైకి రావాలనుకునేవాడు రోజూ చేసే చిన్న పనులు మార్చుకోవాలని అందులో ఉంది. ఆఫీసులో తోటివాళ్ళు ఆవలిస్తూ వస్తుంటే, నేను నున్నగా దువ్విన తలతో అప్పటికే కూర్చుని వాళ్ళ వంక చూసేవాణ్ణి. ఆ చూపు కోసమే సగం కష్టం పడ్డానేమో.

ఇంట్లో నేనూ మా అప్పా, అంటే మా అక్క, ఉండేవాళ్ళం. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడు. పిల్లలు లేరు. కళింగపట్నం దగ్గర అత్తవారి ఊళ్ళో మరిది ఆమెను పశువుల శాలలో పడుకోబెట్టి చాకిరీ చేయించుకునేవాడు. ఉద్యోగం రాగానే నేనే వెళ్ళి తీసుకొచ్చాను. అప్పటికి నాలో ఆ మాత్రం మంచి ఉండేది.

అప్ప అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం మా వైపు ఆడవాళ్ళకు వరినాట్లలో అలవాటవుతుంది. వాన పడినా ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి.

నన్ను నేను మార్చుకున్నానని అనుకున్నాక, ఇంటిని కూడా మార్చాలనిపించింది.

"అప్పా, రేపట్నించి సుట్ట మానెయ్యాల."

ఆమె నవ్వింది. "నీ దండీలు నువ్వు తీసుకో. నా నోటితో నీకేటి పనిరా?"

"నోరా అది? పొయ్యి. ఆఫీసోళ్ళు ఇంటికొస్తే నాకు తల కొట్టేసినట్టుంటాది."

"మీ ఆఫీసోళ్ళ అమ్మలు తాగరేటి?"

నాకు కోపం వచ్చింది. ఇంకోసారి కంటబడితే మరిది ఇంటికి బస్సెక్కించేస్తానన్నాను. ఆమె మొహంలో నవ్వు ఆగిపోయింది. "అంత మాటొద్దు బాబూ. మానేస్తాను," అంది.

మానలేదు. పెరట్లో అరటిచెట్ల వెనక దాక్కుని తాగుతోందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. నా అడుగుల చప్పుడుకు ఆమె ఉలిక్కిపడటం నాకు బాగుండేది.

ఒక ఆదివారం పొద్దున్న ఆఫీసు స్నేహితుడు ఇంటికొచ్చాడు. లావుపాటి మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. "బావా, నా పొట్ట సూసి మాటాడు. ఈ పొట్టతో బస్కీలు తీస్తే మళ్ళీ లేపడానికి నలుగురు కావాల," అన్నాడు. ఏ అలవాటైనా పట్టుదలతో మార్చుకోవచ్చని నేను దంచాను. "మా అప్పే సుట్ట మానేసింది. కావాలంటే అడుగు," అని పెరటి వైపు తిరిగి కేకేశాను.

అప్ప గబగబా వచ్చి గుమ్మంలో నిలబడింది. పెదాలు బిగించి ఉన్నాయి. ముక్కులోంచి సన్నటి పొగ ఒకటి వచ్చి తెగిపోయింది. చుట్ట పీకను నిప్పుతో సహా నోట్లోకి తోసేసుకుందని నాకు అర్థమయింది.

"సెప్పప్పా, సుట్ట మానేసినావా?"

తల ఊపింది.

"నోటితో సెప్పు."

మళ్ళీ తల ఊపింది.

"మానేసినాక అన్నం బాగా తినబుద్ధేస్తాందా? నిద్ర పడతాందా? అలా నిలబడిపోయావేటి, ఈయనకి సెప్పు."

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. స్నేహితుడు నా వంకా ఆమె వంకా చూశాడు. "లోపలికెల్లప్పా," అన్నాడు.

"ఉండు బావా, సెప్పనీ," అన్నాను.

దీంతో ఆ అలవాటు శాశ్వతంగా పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. ఆమె నోరు తెరిస్తే నేను గెలుస్తాను, తెరవకపోయినా నేనే గెలుస్తాను. ఆ రుచి వదులుకోబుద్ధి కాలేదు. ఇంకేవో అడిగాను. ఆమె గెడ్డం వణుకుతుంటే చూస్తూ అడిగాను.

స్నేహితుడు లేచి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. ఆమె పెరట్లోకి పరుగెత్తింది. దగ్గూ, నీళ్ళు పుక్కిలించే చప్పుడూ వినిపించాయి.

"ఏటి మనిషివిరా నువ్వు," అని అతను కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు.

నాలుక పక్కన, బుగ్గ లోపల కాలింది. కొన్నాళ్ళు ఉప్పు కూడా వెయ్యని చల్లటి గంజే తాగింది. "సూసినావా, అలవాటు ఇలాగే పోతాది," అన్నాను ఆ గంజి తాగుతున్న మనిషితో. ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, బట్టల మూటతో కళింగపట్నం వైపు వెళ్ళిపోయిందట. ఏ ఇంటి పేరు చెప్పి నేను బెదిరించానో, ఆ ఇంటికే.

మర్నాడు మిల్లు కూత నాకు వినపడలేదు. ఆ మర్నాడూ అంతే. అప్పుడు గాని తెలియలేదు, రోజూ కూతకు ముందే నా భుజం తట్టి లేపింది ఆమేనని, నూతి దగ్గర నీళ్ళు తోడి ఉంచిందీ ఆమేనని. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళి చీవాట్లు తిన్నాను. ఆ తర్వాతే బస్సెక్కాను. అప్ప కోసం వెళ్ళానని చెప్పుకోలేను. నన్ను లేపే మనిషి కోసం వెళ్ళాను.

ఆమె మరిది ఇంటి గోడకు పిడకలు కొడుతోంది.

"ఇంటికి రా అప్పా," అన్నాను.

చేతిలో పేడ గోడకు కొట్టి నా వైపు తిరిగింది. "ఒకటడుగుతాను. ఆ దినం నా నోట్లో నిప్పుందని నీకు తెలుసా?"

నేను గోడ మీది పిడకల వంక చూశాను.

"తెలుసంటే సెప్పు. తిట్టను. తప్పయిపోనాదంటే నీతో ఇప్పుడే బయల్దేరతాను. నువ్వు పిల్లప్పుడు సెయ్యని తప్పులేటి. తెలీదంటే మాత్రం రాను."

మరిది అరుగు మీద కూర్చుని వింటున్నాడు. వాడి ముందు నేను ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాను.

"తెలీదప్పా," అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "అయితే అన్నం తిని ఎల్లు," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆమే వడ్డించింది. తిన్నాను. అప్ప మరి నా గుమ్మం తొక్కలేదు. ఆ పశువుల శాలలోనే పోయింది. కబురు అందిన రోజున నేను కళింగపట్నం బస్సెక్కకుండా, ఏ కారణమూ లేకపోయినా ఆఫీసుకే వెళ్ళాను.